తిరగేసి కుట్టిన కోటు

మా తమ్ముడు బట్టల చరిత్రలో ప్రొఫెసరు. ఏ కాలంలో మహారాణుల నడుములు ఎన్ని అంగుళాలకు బిగించేవారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తన చొక్కాకి బొత్తాం ఊడితే మాత్రం నా కొట్టుకే పరిగెత్తుకొస్తాడు. నేను దర్జీదాన్ని. వాడి చదువంతా నా మిషను మీదే నడిచింది. ఆ సంగతి గుర్తుందో లేదో వాడికే తెలియాలి.

పోయిన ఏడాది మ్యూజియంలో ఐదు వందల ఏళ్ల ఫ్యాషన్ల ప్రదర్శన పెట్టే పని వాడికి అప్పగించారు. ఊపిరాడనివ్వని గౌన్లు, గుమ్మంలో పట్టని పావడాలు, మగవాళ్ల పట్టు మేజోళ్లు, అన్నీ గొప్పవాళ్ల ఇళ్లవే.

"పనివాళ్ల బట్ట ఒక్కటీ దొరకట్లేదక్కా. పీలికలయ్యేదాకా వేసుకునేవాళ్లు కదా, ఇంకేం మిగుల్తుంది? అమ్మ కోటు నీ దగ్గరే ఉందిగా?" అన్నాడు.

ఉంది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట అమ్మ ఇరవై రెండేళ్లు చాకిరీ చేసింది ఆ కోటుతోనే. పైవైపు వెలిసిపోయాక కుట్లన్నీ విప్పి, లోపలివైపు పైకి తిప్పి, మళ్లీ కుట్టుకుంది. కొత్తది కొనలేనివాళ్లకి అప్పట్లో అదే ఫ్యాషన్. అలా తిప్పితే బొత్తాలు ఎడమవైపు నుంచి కుడివైపుకి మారిపోతాయి, మగవాళ్ల కోటుకి ఉన్నట్టు. అమ్మ అదేమీ పట్టించుకోలేదు. "కొత్తదానిలా లేదూ!" అని మురిసిపోయింది.

"ఇస్తాను గానీ, పక్కన కార్డు మీద అమ్మ పేరు రాయాలి. ఆవిడ పేరు అచ్చులో ఎన్నడూ చూడలేదురా" అన్నాను.

"అదేం మాటక్కా! పెద్ద అక్షరాలతో వేయిస్తా."

ప్రారంభం రోజున ఉన్న బట్టల్లో మంచివి కట్టుకుని వెళ్లాను. చివరి అద్దాల పెట్టెలో ఉంది అమ్మ కోటు. పక్కన కార్డు: "పనివాడి కోటు. పేరు తెలియదు."

రెండుసార్లు చదివాను. ఈలోగా తమ్ముడు అతిథుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మగవాడిదని ఎలా చెప్పగలిగారండీ?" అని ఒకావిడ అడిగింది.

"బొత్తాలు కుడివైపున్నాయి చూడండి. బట్టే చెబుతుందండీ" అన్నాడు, గొంతైనా తడబడకుండా. ఉతికే మనిషి కొడుకునని ఈ పెద్దమనుషుల ముందు తేలడం వాడికి నామోషీ. నాకు ఒళ్లు మండిపోయింది.

"తిరగేసి కుట్టిన కోటండీ అది. ఆడమనిషిదే. ఈ ప్రొఫెసరుగారిని కన్నతల్లిది" అన్నాను.

వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆ వెంటనే నవ్వేశాడు.

"మా దర్జీ అండీ. సరదా మనిషి, ఇలాగే ఏదో ఒకటి అంటుంటుంది."

అందరూ నవ్వారు. వాడు వాళ్లని టీ ఇచ్చే గదిలోకి తీసుకెళ్లిపోయాడు, నా వైపు చూడకుండా.

పెట్టెకి తాళం వేసి ఉంది. కోటు మాదని, తీసిమ్మని కాపలా అతన్ని బతిమాలాను. నా ఏడుపు చూసి పాపం అతనికి జాలేసినట్టుంది. వంగి కార్డు చదివి, మెల్లిగా అడిగాడు.

"ఈ కోటాయన మీకేమవుతారమ్మా?"