ఆఖరి వరస

అటకమేస్త్రి మోకాళ్ల మీద పాకుతూ, రెండు దూలాల నడుమ చలిని ఆపే గాజు ఉన్ని పరుపును దించి అంచులు వేళ్లతో నొక్కాడు. వంగి వంగి వీపు గూని తేలింది. మెడ మీద ఉన్ని నుసి దురద పెడుతున్నా గోకడు. గోకితే ఇంకా లోపలికి దిగుతుందని ముప్పై ఏళ్లుగా తెలుసు.

ఆ ముప్పై ఏళ్లలో ఆ చుట్టుపక్కల అతను ఎక్కని అటక లేదు. పాత ఇల్లు కప్పులోంచే వెచ్చదనమంతా పోగొట్టుకుంటుంది. అతను ఉన్ని పరిచాక ఆ ఇంట్లో చలికి వెలిగించే పొయ్యి సగం బొగ్గుతో సరిపెట్టుకుంటుంది. ఒకప్పుడు పొగలో ఎదురిల్లు కూడా కనబడని వీధుల్లో ఇప్పుడు మలుపు దాకా చూపు ఆనుతోంది. అంతమందికి మంచిగాలి పంచిన మనిషి సొంత ఇంటికి మాత్రం "వచ్చే చలికాలం చూద్దాం" అంటూ పదకొండు చలికాలాలు గడిపేశాడు. పనిమంతుడే, ఏం లాభం? ఇంట్లో పొయ్యి రోజంతా మండుతూనే ఉంది, ఆ పొగ భార్య ఊపిరితిత్తుల్లో పేరుకుంటూనే ఉంది.

పోయిన వారం డాక్టరు నాన్చకుండా చెప్పేశాడు. ఇంట్లో పొగ తగ్గకపోతే ఈ చలికాలం ఆమె దాటదట. మేస్త్రి జీవితంలో మొదటిసారి పనికి సెలవు పెట్టి, పొద్దున్నే సొంత అటకకు నిచ్చెన వేశాడు.

కింద మంచం మీంచి ఆమె దగ్గు తెరలు తెరలుగా వినబడుతోంది.

"ఊరందరికీ దుప్పటి కప్పారు. ఇన్నాళ్లకి నా వంతొచ్చిందన్నమాట," అంది దగ్గు మధ్యలోనే నవ్వుతూ.

"సాయంత్రానికి అయిపోతుంది. కాస్త ఓపిక పట్టు," అన్నాడు. ఆ మాట ఆమెకన్నా తనకే ఎక్కువ చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఆమె మంచానికి సరిగ్గా పైకి వచ్చాడు. ఒక వరస పరిచాక దగ్గు పలచబడింది. రెండో వరసకు ఆగిపోయింది. మేస్త్రి చెయ్యాపి చెవి ఒగ్గాడు. గది అప్పుడే వెచ్చబడిందనీ, ఆమెకు కునుకు పట్టిందనీ అనుకున్నాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. పిలిస్తే నిద్ర చెడుతుందని పిలవలేదు. తిండి మాట కూడా మరిచిపోయి ఆఖరి వరస దాకా ఆగకుండా పరిచేశాడు.

దిగి వచ్చేసరికి ఆమె మంచం మీద పక్కకు ఒరిగి ఉంది. ఊపిరి లేదు. చేతిలో బూజుకర్ర ఉంది. మంచం పైన కప్పు సున్నం నాలుగైదు చోట్ల పెచ్చులూడి ఆమె జుట్టు మీద, దుప్పటి మీద రాలింది.

ఉన్ని పరిస్తే చప్పుడు పైది కిందికి, కిందిది పైకి పోదని ప్రతి ఇంట్లోనూ గొప్పగా చెప్పేది తనే. సొంత ఇంట్లో ఆ సంగతి తట్టలేదు. ఆ కర్రతో కప్పును ఎన్నిసార్లు పొడిచి పిలిచిందో. ఊపిరాడకే పిలిచిందో, మరెందుకైనా పిలిచిందో. ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు.

పొయ్యిలో నిప్పు ఆరిపోయింది. గది మాత్రం వెచ్చగానే ఉంది. మంచం పక్కన స్టూలు మీద, ఆమె అతని కోసం కాచి సాసరు మూత పెట్టిన గ్లాసులో టీ ఇంకా చల్లారలేదు.