సింహాచలమ్మ అలికిన గోడ

పద్మపూర్‌లో బస్సు దిగి, ఎనిమిది మంది విద్యార్థులను వెంటేసుకుని గున్నయ్య ఇంటి వసారాలో అడుగుపెట్టిన హరిప్రియ గబగబా గోడ దగ్గరికి వెళ్లింది. గోడ నిండా ఎర్రమట్టీ పేడా కలిపి అలికేశారు. ఇంకా తడి కూడా ఆరలేదు. మూడు నెలలు ఆమె చేసిన పనంతా దాని కింద కప్పడిపోయింది.

హరిప్రియ జయపురం పిల్ల. ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది, పాత ఇళ్లనే కళాఖండాలుగా ప్రదర్శనకు పెడుతుంది. కట్టడం నేర్పాల్సినావిడ గోడలు గీకడమేమిటని తోటి మాస్టర్లు ఎగతాళి చేసేవారు. ఏటేటా అలుకుతూ పోతే మట్టిగోడ మీద పొర మీద పొర పేరుకుంటుంది. ఆ పొరలను చిన్న కత్తితో ఒలిచి, ఒక ఇంటి యాభై ఏళ్లను ఒకే గోడ మీద చూపించాలని ఆమె పట్టుదల. గున్నయ్యను అడిగింది, ఆయన సరేనన్నాడు. ఆ గోడ అలికే మనిషిని అడగాలని మాత్రం ఇంత చదువుకున్నావిడకు తోచలేదు. ఆ రోజు పదింటికి గోడ చూడటానికి భువనేశ్వర్ నుంచి పెద్దలు వస్తున్నారు. వాళ్లు మెచ్చితే ఈ పని ఢిల్లీ ప్రదర్శనకు వెళ్తుంది.

"పిన్నీ! ఎంత పని చేశావు పిన్నీ!"

గున్నయ్య భార్య సింహాచలమ్మ మోచేతుల దాకా మట్టితో పెరట్లోంచి వచ్చింది. "సుట్టాలొత్తన్నారంటే గోడ అలక్కుండా ఉంచుతామేటమ్మి? పొద్దున్నే లెగిసి అలికీసేను."

హరిప్రియకు ఒళ్లు మండిపోయింది. "అది నా మూడు నెలల కష్టం! అడుగున ఆ చిన్న చేతి అచ్చు దొరికిన రోజు ఎంత సంబరపడ్డామో నువ్వు చూడలేదా?"

"సూసేను. టీ గలాసులట్టుకుని గుమ్మంలోనే నిల్సున్నాను. నువ్వూ పిల్లలూ సప్పట్లు కొట్టేరు." సింహాచలమ్మ చేతులు చీరకు తుడుచుకుంది. "ఆ సెయ్యి నా బుల్లిది. పచ్చి గోడ మీద సెయ్యెట్టేసిందని తిట్టేను. వారం తిరక్కుండా జొరమొచ్చి పోయింది. ఆరేళ్ల పిల్ల. సూడ్లేక ఆ ఏడు నేనే అలికి కప్పీసేను."

హరిప్రియ వసారాలోనే నేల మీద కూర్చుంది. మూడు నెలలూ ఈ ఇంటి అన్నం తిని, ఈ ఇంటి పుండునే గోళ్లతో గీకానా అనుకుంది.

"ముందే చెప్పొచ్చు కదా పిన్నీ" అంది.

"నువ్వడిగితే కదా."

వీధిలో కారు ఆగిన చప్పుడైంది. హరిప్రియ లేచి నిలబడింది. "వాళ్లను తిప్పి పంపేస్తాను. ఈ గోడ జోలికి ఇంకెవరూ రారు. ఒట్టు."

సింహాచలమ్మ రొంటిన దోపుకున్న కార్డు తీసి మడత విప్పింది. హరిప్రియ అచ్చు వేయించిన ఆహ్వానమే. దాని నిండా ఆ బుల్లి చేతి అచ్చు ఫొటో.

"గునుపురం దాకా పంచేవంట. గోడంటే అలికీసేను. ఇయ్యన్నీ ఎలాగలికీదమ్మి?"