అత్తగారి తలగడ మీది గొట్టం

ఆ చెక్క ఇంట్లో అల్లుడుగారికి ఒక్కటే బాధ. పడగ్గదేమో పైన, బాత్రూమేమో కింద, మెట్ల మొదట్లో అత్తగారి మంచం. పిల్లిలా దిగినా మెట్టు కిర్రుమనేది, ఆవిడ కళ్లు తెరుచుకునేవి.

"మళ్లీనా అల్లుడుగారూ? కడుపులో బాగానే ఉందా?"

అడిగి ఊరుకుంటే ఆవిడ అత్తగారెందుకవుతుంది! మర్నాడు చుట్టాల ముందు ఆ వైనమంతా పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయనకు తల కొట్టేసినట్టుండేది. పైన బాత్రూం కడితే తప్ప పరువు దక్కదని తేల్చుకున్నాడు.

కట్టాల్సింది ఆయన భార్యే. ఆవిడ ప్లంబరు. ఊళ్లోవాళ్ల గొట్టాలన్నీ బిగిస్తుంది కానీ సొంతింటికి తీరికుండదు. ఈలోగా ఆయనే ఓ ఎత్తు వేశాడు.

"అత్తయ్యగారూ, మెట్ల దగ్గర చలిగాలి కొడుతోంది. మంచం ఆ మూలకి జరుపుతాను, వెచ్చగా ఉంటుంది."

"బంగారంలాంటి అల్లుడు!" అని ఆవిడ మురిసిపోయింది. మంచం బరువుకు నడుం పట్టేసినా ఆయనకు లోలోపల పండగే.

ఎట్టకేలకు భార్య టేపూ సుద్దముక్కా పట్టుకుని పైకొచ్చింది.

"కమోడ్ గొట్టం లావు. దానికోసం దూలాలు కోస్తే నేల కూలి, స్నానం పైన మొదలెట్టి వంటింట్లో ముగిస్తారు. కోయకుండా దింపాలంటే ఇదొక్కటే చోటు" అని నేల మీద ఓ సున్నా చుట్టింది.

ఆయన కిందికి పరిగెత్తి చూశాడు. సరిగ్గా అత్తగారి తలగడ మీదికే!

"అత్తయ్యగారూ, మంచం మళ్లీ మెట్ల దగ్గరికి..."

"అమ్మో, చలిగాలి! మీరేగా చెప్పారు. నేను కదలను బాబూ."

భార్యను బతిమాలాడు. "చప్పుడు రాకుండా గొట్టానికి ఏదైనా మందంగా చుట్టవే."

"చుడతాను. ఎందుకో చెప్పండి" అంది, పెదవి బిగబట్టి నవ్వాపుకుంటూ. కారణం చెప్పలేక ఆయన ఆ కోరిక వెనక్కి తీసుకున్నాడు, గొట్టానికేమీ చుట్టలేదు. తీసిన గొయ్యి తనదే మరి, ఎవరితో చెప్పుకుంటాడు!

పని పూర్తయిన మధ్యాహ్నం కింద చుట్టాలు కాఫీలు తాగుతున్నారు. ఆయన దర్జాగా పైకెళ్లి గడియ పెట్టుకున్నాడు. మెట్టు లేదు, కిర్రు లేదు, అబ్బ, ఎంత హాయి! తృప్తిగా లేచి ఫ్లష్ నొక్కాడు.

మూల గొట్టంలోంచి నీళ్లు ధడధడమంటూ దిగాయి. కింద మాటలన్నీ ఆగిపోయాయి.

"హమ్మయ్య!" అంది అత్తగారు, మంచం మీది నుంచి. "ఇవాళ అల్లుడుగారికి తేలిగ్గానే అయింది."

చుట్టాలు వెళ్లేదాకా ఆయన గడియ తీయలేదు. దానికీ ఆవిడ వాళ్లకో కారణం చెప్పింది.