పచ్చముళ్ల పులుసు

మా మామ సాంబమూర్తికి కొత్తవాడలో మంచి పేరు. నాలుగు మగ్గాల ఆసామి. జంపఖానాల నేతలో అందెవేసిన చెయ్యి. వాడలో తగాదా వస్తే నలుగురూ ఆయన మాట వింటారు. ఇంట్లో మాత్రం ఆయన ఎవరి మాటా వినడు. మా అత్తమ్మ మాట అసలే వినలేదు. అందుకే ఆ ఇంటి కోడలినై ఉండీ ఇది చెబుతున్నాను, ఎవరేమనుకున్నా సరే.

అత్తమ్మ పేరు లక్ష్మీనర్సమ్మ. పుట్టిల్లు చెరువు కింది పల్లె. ఆమెకు కొంగముక్కు చేపంటే ప్రాణం. జానెడు పొడవు, పుల్లలాంటి ఒళ్లు, ముందర కొంగకున్నట్టు సన్నటి మూతి, మూతి నిండా రంపం పళ్లు. కోసి చూస్తే వెన్నుముల్లు ఆకుపచ్చగా ఉంటుంది. ఆ రంగు చూసే జనం జంకుతారు. చేపలమ్మే మొగిలమ్మ కూడా దాన్ని తట్ట అడుగున పడేసి, వేరే చేపలు కొన్నవాళ్లకు కొసరుగా వేసేది. మా మామ అయితే ఆ పేరెత్తితేనే మొహం చిట్లించేవాడు. కొర్రమీను తప్ప ఇంకో చేప మా గడప దాటొద్దని ఆర్డరు. సావుకార్లు వచ్చిపోయే ఇల్లట!

ఎనభై మూడు ఎండాకాలంలో అత్తమ్మ మంచం పట్టింది. దవాఖానలో చూసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఏం పెట్టినా గొంతు దిగడం లేదు. మామ హార్లిక్స్ సీసా తెచ్చాడు, బ్రెడ్డు తెచ్చాడు. ఆమె వాటి వైపు చూడనైనా లేదు. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచింది.

“విమలా, జర కొంగముక్కు పులుసు తినాలనిపిస్తాంది బిడ్డా.”

మర్నాడే వండాను. మొదటి ముద్ద కలిపి నోటి దాకా తీసుకుపోయానో లేదో మామ వచ్చాడు. గిన్నె లాక్కుని పోయి మోరీలో గుమ్మరించాడు.

“విషం తినవెట్టి సంపుతవానే?” అన్నాడు.

అత్తమ్మ మోరీ వైపు చూసింది. వారం తిరక్కుండానే పోయింది. ఆ చూపు నేనింకా మరిచిపోలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందా, ఆ మనిషికి ఏ కోరికా మిగల్లేదని లెక్క. మామ పొద్దున్నే యాట మాంసం కూర, కొర్రమీను, గారెలు, కల్లు అన్నీ పురమాయించాడు.

“గిండ్ల అత్తమ్మకు ఇష్టమైంది ఏదున్నది మామా?” అని అడిగాను.

“కొర్రమీను ఎవలికి ఇష్టముండదే?”

“ఆమె ఏనాడూ కొర్రమీను అడగలె. కొంగముక్కు అడిగింది. నేను గదే వండుకొస్త.”

“గది వండితే మళ్ల నా గడప తొక్కకు.”

మా ఆయన ఉప్పలయ్య ఇంటి దూలం వైపు చూస్తూ నిలబడ్డాడు. తండ్రి ముందు ఆయనకు నోరు పెగలదు. సరే, నా నోరు నాకుంది. గిన్నె చంకన పెట్టుకుని మొగిలమ్మ ఇంటికి పోయాను.

“నీ మామ నా పీక పిసుకుతడే” అంది మొగిలమ్మ.

“నీ పేరు చెప్పనక్కా. పొయ్యి ఒక్కటియ్యి.”

ఆమె నవ్వి, తట్ట బోర్లించింది. దోసెడు దొరికాయి.

ఈ చేపను తేలిగ్గా చూస్తే చెయ్యి తెగుతుంది. ముందు మూతిని గుడ్డతో పట్టుకుని, కళ్లకు ముందర కత్తిపీట మీద ఒక్క ఊపున కోసెయ్యాలి. బూడిద చల్లి గరుకు బండ మీద తోక నుంచి తల వైపుకు రుద్దితే సన్నటి పొలుసు రాలుతుంది. పొట్ట చీల్చి పేగు తీశాక లోపల నల్లటి పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే పులుసంతా చేదు. గోటితో గీకి, ఉప్పూ పసుపూ పట్టించి కడగాలి. మామ జంపఖానాల మూటతో ఊరికి పోయిన రోజుల్లో, పెరట్లో కూర్చోబెట్టి ఇదంతా నాకు నేర్పింది అత్తమ్మే. “మూతి జూసి భయపడకు బిడ్డా, లోపల మాంసం వెన్నలెక్క ఉంటది” అనేది.

ఆ రోజు నా కోపమంతా బండ మీద చూపించాను. ముక్కలు కాస్త ఎర్రగా వేయించి పక్కన పెట్టాను. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, మెంతిపొడి, కారం, చిక్కటి చింతపండు పులుసు. ముక్కలు పడ్డాక గరిటె పెట్టలేదు, గిన్నె అంచులు పట్టుకుని తిప్పాను. నూనె పైకి తేలాక దింపి, నెత్తిన పెట్టుకుని తిన్నగా శ్మశానం దారి పట్టాను.

అప్పటికే విస్తరి వేసి అన్నీ వడ్డించారు. నేను పోయి యాటకూరను ఇటు, కొర్రమీనును అటు జరిపి, నడుమ రెండు ముక్కలు పెట్టాను. మామ కళ్లు ఎర్రబడ్డాయి. కానీ పిట్ట వచ్చేదాకా అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. పాపం, ఆయన నా పక్కకు వచ్చి గుసగుసగా తిట్టాల్సి వచ్చింది.

“సిగ్గున్నదానే నీకు?”

“ఉన్నది మామా. అందుకే తెచ్చిన.”

కులపెద్ద కట్టయ్య తాత మా ఇద్దరి వైపు చూసి నోటి మీద వేలు వేసుకున్నాడు. ఊరుకున్నాం.

కాకి వచ్చింది. విస్తరి చుట్టూ తిరిగింది. యాట ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఇంకో రెండు వచ్చి కొర్రమీను లాక్కుపోయాయి. నా చేప పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఇక మామ గొంతుకు అడ్డేముంది!

“సూసినవా? కాకి సుత ముట్టలె. పో, పోయి చెరువుల పారబొయ్యి.”

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు.

“కాకికి యాట కావాలె, తిన్నది” అన్నాను. “అత్తమ్మ బతికున్నప్పుడు నోరు తెరిచి అడిగింది. గప్పుడు ఇనకపోతివి. ఇప్పుడు ఆమెకేం కావాల్నో కాకినడిగి తెలుసుకుంటానవా మామా?”

నేను అక్కడే మట్టిలో చతికిలబడి, గిన్నెలోంచి ముక్క తీసుకుని అందరి ముందూ తిన్నాను. ముల్లు ఒలిచి పక్కన పెట్టాను. ఎండలో అది పచ్చగా మెరిసింది.

“విషమైతే సస్త. సూడుండ్రి.”

ఉప్పలయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తండ్రి చూస్తుండగానే చెయ్యి చాపాడు.

“నాకో ముక్క ఎయ్యి.”

“ముల్లు జూసుకోని తిను” అన్నాను.

శ్మశానానికి పోయి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని, పోయిన మనిషి పేర పెట్టిన దీపం చూడాలి. మామ మాకంటే ముందే ఇల్లు చేరి, గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

“చెప్పిన గద, తొక్కకని.”

“అత్తమ్మ దీపం జూడకుండ పోను. జరుగు మామా.”

ఆయన నా వెనక నిలబడ్డ కొడుకును చూశాడు. ఉప్పలయ్య తల దించుకోలేదు. వాకిట్లో కట్టయ్య తాత, వాడంతా నిలబడి ఉన్నారు. మామ కదల్లేదు. నేనూ కదల్లేదు. కాళ్ల మీది నీళ్లు ఆరిపోయాయి. చివరికి ఆయన ఒక మోకాలు దగ్గరికి లాక్కున్నాడు. ప్రేమ పుట్టి కాదు, నాకు తెలుసు. నేను పట్టేంత సందు దొరికింది, చాలు.

గిన్నెతో సహా లోపలికి పోయాను. దీపం పక్కన దాన్ని దించి మూత తీశాను.

“అత్తమ్మా, నువ్వడిగింది తెచ్చిన” అన్నాను, గడప దగ్గరున్న మనిషికి వినబడేంత గట్టిగా.