తన్వికి కుర్చీ

శ్రీరమ్య కూతురు తన్వికి ఎనిమిదో నెల నడుస్తోంది. ఉగ్గు పెట్టిన ప్రతిసారీ పిల్లకు పొలమారుతోంది. అత్తగారు కోటేశ్వరి కాళ్లు చాపుకుని, వాటి మీద పిల్లను పడుకోబెట్టి, వేలితో కొంచెం కొంచెం నాలిక మీద రాసేది. మింగేలోపే దగ్గు వచ్చి, ముఖం ఎర్రగా కందిపోయి, తిన్నదంతా ముక్కులోంచి బయటికి వచ్చేది. కల్లాల మీద ఎండుతున్న మిరపకాయల ఘాటుకే అలా అవుతోందని ఇంట్లో అందరూ అనుకున్నారు. సత్తెనపల్లి దగ్గరి ఆ ఊళ్లో కాయ కోతలు మొదలైతే పెద్దవాళ్లకే దగ్గు ఆగదు.

"పడుకోబెట్టి పెడుతున్నాం గదా అత్తయ్యా, అందుకే పొలమారుతోందేమో. కూర్చోబెట్టి తినిపించే కుర్చీ కొందాం" అంది శ్రీరమ్య.

"నా పిల్లలిద్దరూ ఈ కాళ్ల మీదే తిన్నారు" అంది కోటేశ్వరి. అంతకుమించి అడ్డు చెప్పలేదు.

తన్వి నవ్వు మొహం పిల్ల. తల్లి గొంతు వింటే చాలు, బోసినోరంతా తెరిచేది. ఎత్తుకున్నప్పుడు మాత్రం మెడ కింద చెయ్యి ఉండాల్సిందే. పురిటి గదిలో ఎలా పట్టుకున్నారో అత్తాకోడళ్లిద్దరూ ఇప్పటికీ అలాగే పట్టుకునేవాళ్లు. చేతులకు అలవాటైపోయింది కాబట్టి శ్రీరమ్య దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

కుర్చీ మాట వినగానే ఆమె భర్త నాగేంద్రబాబు హుషారుగా లేచాడు. పెదకాకాని గుళ్లో అన్నప్రాసనకు ముహూర్తం పెట్టుకుని ఉన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో చుట్టాలందరి మధ్యా కూతురు కుర్చీలో దర్జాగా కూర్చుంటే ఫోటో తీయించాలని అతని సరదా. మర్నాడే పిల్లను తీసుకుని భార్యాభర్తలిద్దరూ కారు కట్టించుకుని గుంటూరు వెళ్లారు.

పిల్లల సామాన్ల షాపులో షిరీన్ అనే అమ్మాయి కుర్చీలన్నీ వరసగా చూపించింది. మడిచిపెట్టుకునేవి, చెక్కవి, చక్రాలవి. ముందు పళ్లెం లాంటి పలక, నడుముకి బెల్టు. నాగేంద్రబాబు ఒక్కోదాన్నీ ఊపి, కాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసి, పసుప్పచ్చ కుర్చీ ఒకటి ముందుకు లాగాడు.

"పాపని కూర్చోబెట్టి చూడండి సార్" అంది షిరీన్.

శ్రీరమ్య పిల్లను కుర్చీలో దించి, బెల్టు పెట్టి, మెడ కింద నుంచి చెయ్యి తీసింది. తన్వి మెల్లగా ఎడమ పక్కకు ఒరిగిపోయింది. తల వాలిపోయి పలక అంచుకు తగిలింది. పిల్ల ఏడవలేదు. వాలిన తలతోనే తల్లి కోసం కళ్లు తిప్పింది.

"సీటు వెడల్పు ఎక్కువైంది" అన్నాడు నాగేంద్రబాబు. "ఇంకోటి చూపించమ్మా."

ఇరుకు సీటున్నది తెచ్చారు. అందులో ముందుకు వాలింది. వెనక్కి వాలే కుర్చీ తెస్తే అందులో కిందికి జారిపోయింది. షిరీన్ లోపలికి వెళ్లి తువ్వాళ్లు తెచ్చి, చుట్టలుగా చుట్టి రెండు పక్కలా దోపింది. నడుము నిలిచింది గాని తల నిలవలేదు.

"ఏం కుర్చీలమ్మా ఇవి? పిల్లల కోసం చేసినవేనా?" అని విసుక్కున్నాడు నాగేంద్రబాబు.

అంతలో ఒకావిడ చంకలో మగపిల్లాడితో వచ్చింది. ఖాళీగా ఉన్న పసుప్పచ్చ కుర్చీలో వాణ్ని పడేసినట్టుగా కూర్చోబెట్టి, ఫోన్ చూసుకోసాగింది. వాడు రెండు చేతులతో పలకను దబదబా బాదాడు. అటు తిరిగి లైట్లు చూశాడు, ఇటు తిరిగి తన్విని చూశాడు. తల ఎక్కడికి తిప్పితే అక్కడ నిలబడింది.

శ్రీరమ్య వాడి మెడ వైపే చూసింది. "బాబుకి ఎన్నో నెలండీ?" అని అడిగింది.

"ఆరు వచ్చిందండి. వీడు ఒక్క క్షణం కుదురుగా ఉండడు" అంది ఆవిడ, ఫోన్ మీంచి కళ్లు తీయకుండానే.

శ్రీరమ్య కూతురి బెల్టు విప్పి, ఎత్తుకుని, తలను భుజానికి ఆనించుకుంది. ఇన్నాళ్లూ పిల్ల తల తన మీద వాలడం ముద్దు అనుకుంది. అమ్మ మీద ఎంత ప్రేమో అని ఊళ్లోవాళ్లకు చెప్పుకుని మురిసిపోయింది. ఇప్పుడు ఆ తల బరువు ఆమెకు తెలిసింది.

"చాలండీ, వెళ్దాం" అంది భర్తతో.

"ఇంకా చూడలేదుగా."

"కుర్చీలో ఏం లోపం లేదండీ."

నాగేంద్రబాబుకు ఆ మాట వినపడింది. వినపడనట్టు షిరీన్ వైపు తిరిగి, "ఆ పసుప్పచ్చదే కట్టమ్మా" అన్నాడు.

దారిలో ఆమె ఆసుపత్రికి వెళ్దామంది. అన్నప్రాసన అయ్యాక చూద్దామన్నాడు. కొందరు పిల్లలు ఆలస్యమన్నాడు, తమ మేనమామ మూడో ఏడు వచ్చేదాకా మాట్లాడలేదన్నాడు.

తెల్లవారి శ్రీరమ్య సంచీ సర్దుకుని పిల్లతో బయటికి వచ్చేసరికి కోటేశ్వరి ఊరెళ్లే చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"పద, నేనూ వస్తా" అంది.

బస్సులో పిల్లను తన ఒళ్లోకి తీసుకుంది. చెయ్యి మామూలుగానే మెడ కిందికి వెళ్లింది. శ్రీరమ్య ఆ చేతిని చూస్తూ, "మీకు తెలుసా అత్తయ్యా?" అని అడిగింది.

కోటేశ్వరి కిటికీలోంచి పత్తి చేల వైపు చూసింది. "తెలియకూడదనుకున్నా" అంది.

గుంటూరులో డాక్టరమ్మ తన్విని బల్ల మీద పడుకోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని మెల్లగా పైకి లేపింది. ఒళ్లు లేచింది, తల మాత్రం వెనక్కి వేలాడింది. స్కానింగ్ రాసింది. రిపోర్టులు వచ్చిన రోజు నాగేంద్రబాబూ వచ్చాడు. సెరిబ్రల్ పాల్సీ అంది డాక్టరమ్మ. మెదడు చెప్పేది కండరాలకు సరిగ్గా అందడం లేదనీ, మింగడం కష్టమవుతున్నదీ అందుకేననీ, ఇందులో ఎవరు చేసిన పొరపాటూ లేదనీ నిదానంగా చెప్పింది.

"ఎప్పుడు కూర్చుంటుందండీ?" అని అడిగాడు నాగేంద్రబాబు.

"కొందరు ఆలస్యంగా కూర్చుంటారు. కొందరు కూర్చోలేరు. తన్వి సంగతి ఇప్పుడే చెప్పలేను."

అతను తల ఊపాడు. మళ్లీ కాసేపటికి, "ఏడాదికైనా కూర్చుంటుందాండీ?" అన్నాడు. డాక్టరమ్మ మళ్లీ అదే జవాబు, అంతే ఓపికగా చెప్పింది. బయటికి వచ్చాక చెప్పులు ఎక్కడ విడిచాడో అతనికి గుర్తు రాలేదు. శ్రీరమ్యే వెతికి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది.

అన్నప్రాసన ఆపేశారు. పసుప్పచ్చ కుర్చీ ముందు గదిలో అలాగే ఉంది. నాగేంద్రబాబు రోజూ దాని మీద పడిన మిరప దుమ్ము తుడిచేవాడు. పిల్లకు తినిపించే వేళకు మాత్రం ఇంట్లో ఉండేవాడు కాదు. కల్లం దగ్గర పని ఉందనేవాడు.

తినిపించడం ఎలాగో ఆసుపత్రిలోని థెరపీ అమ్మాయి శ్రీరమ్యకు నేర్పింది. ఒళ్లో నిటారుగా ఆనించుకోవాలి, గడ్డం కొంచెం కిందికి దించాలి, చిక్కగా చేసినది చెంచా కొసన పెట్టి, మింగేదాకా ఆగాలి. ఆగడమే కష్టం. చిన్న గిన్నెడు మెత్తటి అన్నం అయ్యేసరికి శ్రీరమ్య భుజాలు పట్టేసేవి.

కోతలు అయిపోయాక నాగేంద్రబాబు అక్క యామిని ఒంగోలు నుంచి కొడుకుతో వచ్చింది. వాడు తన్వి కన్నా చిన్నవాడు. కోటేశ్వరి వంటింట్లో ఉండగా, యామిని ఏమీ తోచక వాణ్ని పసుప్పచ్చ కుర్చీలో కూర్చోబెట్టింది. శ్రీరమ్య గిన్నెతో వచ్చేసరికి వాడు పలక మీద చేతులు బాదుతూ కేరింతలు కొడుతున్నాడు.

యామిని తడబడి లేచింది. "అయ్యో, చూసుకోలేదు రమ్యా. తీసేస్తానుండు."

"ఉండనివ్వండి వదినా" అంది శ్రీరమ్య. గిన్నెలో తన్వి కోసం కలిపిన అన్నం ఉంది. చెంచాతో కొంచెం తీసి వాడి నోటికి అందించింది. వాడు గుటుక్కున మింగి మళ్లీ నోరు తెరిచాడు. ఇంకో చెంచా పెట్టింది. అదీ మింగాడు. ఇంత తేలికా, అనుకుంది. మూడో చెంచా వాడి నోటిదాకా వెళ్లకుండానే అన్నం పలక మీద పడింది. గిన్నె యామిని చేతిలో పెట్టి దొడ్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చింది.

ముఖం కడుక్కుని వచ్చి, "వెళ్లేటప్పుడు కుర్చీ తీసుకెళ్లండి వదినా" అంది.

గుమ్మంలో నిలబడ్డ నాగేంద్రబాబు ఆ మాట విన్నాడు. "ఎందుకు ఇచ్చెయ్యడం? ఉంచు. కూర్చుంటుంది."

"కూర్చున్న రోజు ఇంకోటి కొందామండీ. దీన్ని రోజూ చూడటం నా వల్ల కావట్లేదు."

అతను గదిలోకి వచ్చి, మేనల్లుణ్ని ఎత్తి అక్కకు అందించి, కుర్చీని మడవబోయాడు. ఎంత నొక్కినా మడత పడలేదు. నొక్కుతూ నొక్కుతూ దాని పక్కనే నేల మీద కూలబడి, పలక మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. కోటేశ్వరి వంటింట్లోంచి వచ్చి కొడుకు పక్కన చతికిలబడింది. వీపు మీద చెయ్యి వేసింది గాని ఊరుకోమని అనలేదు.

సాయంత్రం యామిని బస్సుకు కుర్చీ వెళ్లిపోయింది. నాగేంద్రబాబే తీసుకెళ్లి ఎక్కించి వచ్చాడు.

అతను వచ్చేసరికి శ్రీరమ్య మంచం అంచున కూర్చుని తన్వికి తినిపిస్తోంది. మామూలుగా అయితే ఆ వేళకు కండువా వేసుకుని బయటికి పోయేవాడు. ఆ రోజు కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు.

"తల నేను పట్టుకుంటా" అన్నాడు.

ఎలా పట్టుకోవాలో చెప్పింది. అతని చెయ్యి బిగుసుకుపోయి ఉంది. వేళ్లు సడలించమంది. తన్వి కొత్త చేతిని పసిగట్టి, కళ్లు పైకెత్తి తండ్రిని వెతుక్కుని నవ్వింది. నోట్లో అన్నం కొంత గడ్డం మీదికి జారింది. శ్రీరమ్య చెంచాతో దాన్ని తీసి మళ్లీ పెట్టింది. ఇద్దరూ ఆ చిన్న గొంతు వైపే చూస్తూ కూర్చున్నారు. గొంతు కదలలేదు. ఇంకా కదలలేదు. నాగేంద్రబాబు ఊపిరి బిగబట్టాడు.

"మింగుతుందిలెండి. తొందరపెట్టకూడదు" అంది శ్రీరమ్య.