ఆంటీ అనని చోటు

ఎవాంజలిన్‌కి యాభై నాలుగేళ్లు. ఆ సంగతి ఆధార్ కార్డుకీ, మేకప్ వేసే జిలానీ బాషాకీ, తన మోకాళ్లకీ తప్ప ఎవరికీ తెలియకూడదని ఆవిడ పట్టుదల. కార్డు బీరువా దాటి రాదు. బాషా నోరు విప్పడు. వచ్చిన చిక్కల్లా మోకాళ్లతోనే.

లోకం మాత్రం ఆవిడ పట్టుదలను బొత్తిగా ఖాతరు చేయలేదు. గాజువాక సెంటర్లో ఆటో ఎక్కబోతే ‘జరగండాంటీ’ అంటారు. రైతుబజారులో వంకాయలు ఏరుతుంటే ‘ఏరకండాంటీ’ అంటారు. చర్చిలో కొత్తగా వచ్చిన కోడళ్లు, తమకే ముప్పై దాటినవాళ్లు, ‘వందనాలాంటీ’ అంటూ చేతులు జోడిస్తారు. ఆవిడ నవ్వుతుంది గానీ లోపల చురుక్కుమంటుంది. ఆ పిలుపు వినపడని చోటు విశాఖపట్నం మొత్తం మీద ఆవిడకు ఒక్కటే మిగిలింది. అది స్టేజీ. తెర లేచిందంటే ఆవిడ రత్నం. రత్నానికి ఇరవై ఏళ్లు.

పోటీ నాటికల్లో ఇదేమీ వింత కాదు. ఆడవేషాలకు మనుషులు దొరకరు. దొరికిన ఆ కొద్దిమందే ఒక నాటక సమాజం నుంచి ఇంకో సమాజానికి తిరిగి ఆడతారు. సన్నగా పొట్టిగా ఉంటే కూతురు, ఒడ్డూ పొడుగూ ఉంటే తల్లి. వయసు అడిగే నాథుడు లేడు. అందుకే రత్నానికి తల్లిగా వేసే అక్సాకు నిజానికి ఇరవై ఆరేళ్లు. అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తండ్రి వేషం జ్ఞానశేఖర్‌ది. స్టీల్‌ప్లాంటు ఉద్యోగి, ఈ సమాజానికి దర్శకుడూ అతనే, ఎవాంజలిన్ కంటే చిన్నవాడు. తెర వెనక ఆ తండ్రి కూతుర్ని ‘అక్కా’ అంటాడు. తల్లి ‘ఆంటీ’ అంటుంది. తెర లేవగానే ఇద్దరూ ‘ఒసే’ అంటారు. ఆ ఒక్క ఒసే కోసం ఎవాంజలిన్ బస్సులెక్కి ఊళ్లు తిరుగుతుంది.

ఆడ ఆర్టిస్టులకు ఒక భయం ఉంటుంది. ఒక్కసారి తలకు తెల్లరంగు పూయించుకుంటే మళ్లీ నల్లజుట్టు వేషం ఎవరూ ఇవ్వరని. శ్రీసత్య అనే స్నేహితురాలు మొహమాటానికి ఒకసారి ముసలి వేషం వేసింది. ఆ తర్వాత ఆవిడకు వచ్చినవన్నీ మంచం పట్టిన బామ్మలే. అది చూశాక ఎవాంజలిన్ తెల్లరంగు డబ్బాను తన పెట్టె దరిదాపులకు కూడా రానివ్వలేదు.

ఆ ఆదివారం పోటీలు గాజువాకలోనే, ఒక కల్యాణ మండపంలో. పెళ్లికూతురి గదినే మేకప్ గది చేశారు. పాతనగరం నుంచి వచ్చిన జిలానీ బాషా ఎవాంజలిన్ వెనక నిలబడి కుంచెతో జుట్టుకు నల్లరంగు వేస్తున్నాడు.

“సెల్లెమ్మా, సెవి పక్కన ఇంకొన్ని తెల్లబడిపోనాయి.”

“పూసీ భాయ్. ఏటలా సూత్తన్నావు?”

“ఏట్నేదు. నీ తెల్ల జుట్టుకి నల్లది పూత్తన్నాను. ఆ అక్సా నల్ల జుట్టుకి తెల్లది పూసొచ్చాను. పైనున్నోడు సూసి నవ్వుకుంటాడు.”

ఇంతలో జ్ఞానశేఖర్ వచ్చాడు. అద్దంలో ఆవిడ ముఖం చూశాడు, కిందికి మోకాలు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

“అక్కా, ఆ కాళ్లమీద పడే సీను తీసిద్దామేటి? మోకాలు వాచినట్టుంది.”

“రత్నం పడకపోతే ఇంక నాటికేటుంది తమ్ముడూ?”

“అది కాదక్కా. ఆనందపురం పోటీలకి ఓసారి వేషాలు మార్చి చూద్దామని. నువ్వు తల్లి, అక్సా రత్నం...”

బాషా కుంచె ఆగిపోయింది. ఎవాంజలిన్ అద్దంలోంచే జ్ఞానశేఖర్ కళ్లలోకి చూసింది.

“ఇయ్యాల సూడు. పడి లెగలేకపోనానా, అప్పుడు మార్చీ. లెగిసానా, ఇంక ఆ మాట ఎత్తకు.”

“సరే అక్కా,” అన్నాడు జ్ఞానశేఖర్. అతనికి ఆవిడంటే గౌరవమే. కానీ మాటంటే మాటే అనే మనిషి.

సాయంత్రం మొదటి నాటిక వాళ్లదే. చివరి సీను దాకా ఆవిడ చలాకీగా నడిపించింది. గెంతాల్సిన చోట గెంతింది, జడ విసరాల్సిన చోట విసిరింది. ఆ చివరి సీనులో రత్నం ఇష్టపడ్డవాడిని చేసుకోవడానికి ఇల్లు వదిలి వెళ్తూ తల్లి కాళ్లమీద పడుతుంది. తల్లి ముట్టుకోదు. ‘నాకు కూతురు లేదు’ అని ముఖం తిప్పుకుంటుంది. రత్నం లేచి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోతుంది. తెర.

ఎవాంజలిన్ కాళ్లమీద పడింది. అక్సా తన డైలాగు చెప్పి ముఖం తిప్పుకుంది. ఇక లేవాలి. ఎడమ మోకాలు రానంది. అరచేయి నేలకి ఆనించి ఇంకోసారి చూసింది. నొప్పి నడుందాకా పాకింది గానీ ఒళ్లు లేవలేదు. వెళ్లిపోయే పట్టీల చప్పుడు ఎంతకీ వినపడకపోయేసరికి అక్సా వెనక్కి చూసింది. లేవలేక నేలకి ఆనించిన ఆ చేయి చూసింది. అంతే, నాటికా లేదు, రత్నమూ లేదు. గబుక్కున వంగి రెక్క పట్టుకుంది.

“అయ్యో, మెల్లగా లెగండాంటీ! నన్ను పట్టుకోండి!”

పైనుంచి వేలాడుతున్న మైకులు ఆ మాటను హాలంతా వినిపించాయి. ముందు వరసలో ఎవరో ఫక్కుమన్నారు. ఆ నవ్వు కుర్చీలన్నీ దాటుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. తండ్రి కుర్చీలో కూర్చున్న జ్ఞానశేఖర్ కళ్లు మూసుకున్నాడు.

ఎవాంజలిన్‌కి మోకాలి నొప్పి తెలియలేదు. ఆ పిలుపు చివరికి ఇక్కడికీ వచ్చేసింది. ఒక్క క్షణం ఆ పిల్ల చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. తలెత్తి చూస్తే తెల్లరంగు పూసిన జుట్టు కింద అక్సా ముఖం భయంతో పాలిపోయి ఉంది. చేసిన తప్పు అప్పటికే తెలిసి కళ్లనిండా నీళ్లు తిరుగుతున్నాయి. ఎవాంజలిన్ ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“ఆంటీ అన్నావా అమ్మా?”

ఇంకా నవ్వుతున్నారు. ఆవిడ గొంతు పెంచింది.

“పొమ్మన్నావు, పోతన్నాను. కూతుర్నే కాదన్నావు, పడ్డాను. గానీ లెగండి, పట్టుకోండి అంటన్నావేటమ్మా? బజార్లో దారినపోయే మనిషిని పిల్సినట్టు పిలుత్తన్నావేటి? ఒసే అననే అనవా? ఇంతలోకే నాను నీకు అంత పరాయిదాన్నయిపోనానా?”

నవ్వు ముందు వరసలో ఆగింది. తర్వాత వెనక ఆగింది. అక్సా నేలమీద కూలబడి ఆవిడను వాటేసుకుని భోరుమంది. అది నాటికలో లేదు. జ్ఞానశేఖర్ తెర వేయమని సైగ చేశాడు. తెర సగం పడేసరికే హాలంతా లేచి చప్పట్లు కొడుతోంది.

గదిలోకి రాగానే అక్సా కాళ్లావేళ్లా పడింది. “తెలీకుండా వచ్చీసిందాంటీ. సచ్చిపోవాలనిపించింది నాకు.”

“ఊరుకో. పోనాది కదా.”

జ్ఞానశేఖర్ సంబరంతో ఊగిపోతూ వచ్చాడు. “అక్కా! ఇంక అదే సీను! ఆంటీ అనాలి, నువ్వు ఆ మాటలనాలి. నువ్వు లెగక్కర్లేదు కూడా! రత్నం వేషం నీదే, ఇంకెవరికీ ఇవ్వను,” అనేసి మళ్లీ హాలు వైపు పరిగెత్తాడు.

ఎవాంజలిన్‌కి గుండె నిండిపోయింది. ఎన్నాళ్లుగానో దాచుకుంటూ వచ్చిన చోటు చేజారిందనుకునేసరికి మళ్లీ చేతికొచ్చింది. కొబ్బరినూనెతో ముఖం తుడుచుకుంది, సబ్బుతో కడుక్కుంది. కడుక్కుంటే కణతల దగ్గర నల్లరంగు కూడా కాస్త పోయింది. పక్కన అక్సా తలారా కడుక్కుని, జుట్టు ముడేసుకుని, చుడీదార్‌లో కూర్చుంది.

అప్పుడు గుమ్మంలోకి ఒకామె వచ్చింది. నాటిక చూడ్డానికి పెదగంట్యాడ నుంచి వచ్చిన చిట్టమ్మ, అరవై దగ్గర్లో ఉంటుంది. ఇద్దరినీ ఒకసారి పరకాయించి, సరాసరి ఎవాంజలిన్ దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

“తల్లి యేసం కట్టింది నువ్వే గదమ్మా? కడుపున పుట్టినదాన్ని ఆంటీ అనీసినావు సూడు, నా పేణం గిలగిల్లాడిపోనాది. నానూ అదే పని సేసినాను. నా సిన్నది ఇష్టపడ్డోడితో ఎల్లిపోనాది. మొన్న పూర్ణా మార్కెట్లో ఎదురుపడి అమ్మా అంది. ఎవరండీ మీరు అన్నాను. మీరు అన్నాను తల్లీ, దాన్ని!”

అక్సా నోరు తెరవబోయింది. ఎవాంజలిన్ ఆ పిల్ల తొడ మీద చేయి నొక్కి ఆపింది.

“ఇప్పుడు పిలిత్తే వత్తాదంటావా?” అంది చిట్టమ్మ. “నువ్వు తల్లివి గదా. నీకు తెలుస్తాది.”

‘నేను కూతురి వేషమమ్మా’ అన్న మాట ఎవాంజలిన్ నాలుక చివరి దాకా వచ్చింది. పొద్దుటి నుంచీ దాని కోసమే కదా ఇంత పట్టుబట్టింది. కానీ ఆ ముఖం చూస్తూ అనలేకపోయింది. ఇరవయ్యేళ్ల రత్నం చెప్పే మాట ఈమెకు దేనికీ పనికిరాదు. ఈమెకు తన ఈడు మనిషి కావాలి. ఇన్నాళ్లూ తను దాచుకుంటూ వచ్చిన వయసే, ఇప్పుడు ఎదురుగా నిలబడి సాయం అడుగుతోందనిపించింది.

“వత్తాది వదినా,” అంది. “ఫోన్ సెయ్. తప్పయిందనీ, మన్నించమనీ ఏటీ అనకు. ఒసే అను. దాని సెవికి ఆ మాట పడితే సాలు, పరిగెత్తుకొచ్చీస్తాది.”

చిట్టమ్మ తలూపి, కొంగుతో ముఖం తుడుచుకుని, వరండాలోకి వెళ్లింది.

“ఆవిడ మిమ్మల్ని తల్లనుకుందాంటీ,” అంది అక్సా నెమ్మదిగా. “కాదని సెప్పలేదేటి?”

ఎవాంజలిన్ అద్దంలోకి చూసుకుంది. జిలానీ బాషా కుంచెలు కడుగుతూ మామూలుగానే అడిగాడు.

“సెల్లెమ్మా, ఆనందపురానికి నల్లది కొత్త డబ్బా తెచ్చీదా?”

“వద్దు భాయ్.”

“మరి తెల్లది తేనా?”

“అదీ వద్దు. ఉన్న నల్లది కడిగీసి వదిలీ, సాలు.” అక్సా వైపు తిరిగింది. “ఒసే, రేపు షిఫ్ట్ దిగాక ఇంటికి రా. రత్నం తల్లి కాళ్లమీద ఎలా పడాలో సూపిస్తాను.”

అక్సా ఏదో అనబోయింది. కానీ బయట వరండాలో ఫోను ఎవరో ఎత్తినట్టున్నారు. ముగ్గురూ చెవులొగ్గారు.

“ఒసే,” అంది చిట్టమ్మ గొంతు. “నానే.”