మోటార్ల వంతు

తనకల్లు దగ్గర మా ఊరికి త్రీఫేజ్ కరెంటు ఉదయం పదికి వస్తుంది. బోర్లన్నిటికీ మొబైల్ స్టార్టర్లు బిగించుకున్నారు. పెట్టెలో సిమ్ ఉంటుంది, ఫోన్ చేస్తే మోటార్ తిరుగుతుంది. కానీ ఊరికంతా ఒకటే టవర్. కరెంటు రాగానే నలభై మంది ఒకేసారి కొడితే ఎవరికీ లైను దొరకదు. అందుకని పక్క తోట బసప్ప, చెరువు నీళ్లకు కట్టినట్టే ఫోన్లకూ వంతులు కట్టాడు. మా వంతు పదిన్నరకు.

నేను బుక్కరాయసముద్రంలో ఒక గదిలో ఒంటరిగా ఉంటాను. ఇక్కణ్ణుంచే ఫోన్లో మోటార్ వేసేది నేను. చీనీ తోట, అదే బత్తాయి తోట, చూసేది తమ్ముడు ఓబిలేష్. వాడు డెయిరీలో పాలు పోసి తోటకు చేరేసరికి పదకొండవుతుంది.

నేల కింద నీళ్లు అందరివీ ఒకటే. ముందు వేసినవాడు ముందు తోడుకుంటాడు. ఈ ఆలోచన పట్టుకున్నాక మూడు రోజులు సరిగ్గా పదికే కొట్టాను. వాడికి చెప్పలేదు.

నాలుగో రోజు తొమ్మిదికి వాడే ఫోన్ చేశాడు. మోటార్ కేబుల్ జాయింటు కాలిపోయిందట. ఆ రోజు పాలు ఊళ్లోనే ఉంటున్న నా భార్యతో పంపించి, టేపు కొనుక్కుని, పదికల్లా పనిలో కూర్చుంటానన్నాడు. పెట్టెలో స్విచ్ ఏనాడో చెడిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకి చేసుకోమన్నాను. నవ్వాడు.

"ఫ్యూజు పీకితే అందరి మోటార్లూ నిలబడతాయన్నా, తిడతారు. మన వంతు వచ్చేదాకా ఆ వైరులో కరెంటు యాడిది?"

పదయింది. వేళ్లు నంబరు నొక్కాయి. మరిచిపోయానా? అలా అనుకుంటే సుఖంగా ఉండేది. వాడి మాట లోపలే ఉంది, నీళ్ల భయం వెనక నిలబడి ఉంది. మోటార్ ఆన్ అయిందని పెట్టెలోని ఆడగొంతు చెప్పాక ముందుకు వచ్చింది.

ఆపడానికి మళ్లీ కొట్టాను. బిజీ. వాడికి కొట్టాను. బిజీ. వంతు రాకముందే మా పాదుల్లో తడిని ఊరు మూడు రోజులుగా చూస్తోంది. ఆ రోజు ఇంకెవరూ ఆగలేదు.

ఎన్నోసారికో తమ్ముడి ఫోన్ కలిసింది. గట్టు మీద మోగుతున్న దాన్ని బసప్ప ఎత్తాడు.

"శశీ, మోటార్ ఆపప్పా. వైరు పట్టుకునే పడుండాడు. మేం దగ్గరికి పోలేం. మా పిల్లోడు గిరి ఫ్యూజు పీకనీకె ఉరికినాడు."

ఆపాలంటే ఈ కాల్ వదలాలి. వదిలితే ఈ లైను ఇంకొకరిది. ఫోన్లో పక్క తోటలో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వింటూ ఉండిపోయాను.

"ఏమప్పా, ఇంకా పట్టుకునే ఉండావే?"

వదిలాను. కొట్టాను. గిరి ట్రాన్స్‌ఫార్మర్ చేరేదాకా కొడుతూనే ఉన్నాను. దొరకలేదు.

వాణ్ణి తోటలోనే పూడ్చాం. మోటార్ ఎవరు వేశారని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఆ నంబరు నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు.